వీల్ స్టడ్డుల మార్పిడి

వీల్ స్టడ్డు అనగా మోటారు వాహనపు చక్రాన్ని దాని హబ్బుకు బిగించి ఉంచే, మరలు గల ఉక్కు కడ్డీ. దీని ఒక చివర హబ్బు పళ్ళెంలోని రంధ్రంలో గట్టిగా దిగి ఉంటుంది. రెండవ చివర చక్రపు రంధ్రం గుండా బయటకు వస్తుంది. దానిపై నట్టు బిగించబడుతుంది. సాధారణంగా కార్లలో ఒక్కొక్క చక్రానికి నాలుగు, ఐదు లేదా ఆరు స్టడ్డులు ఉంటాయి.

మామూలు రోడ్లపై నడిచే కారులో స్టడ్డులు వాహనం ఉన్నంత కాలమూ మన్నవచ్చును. కాని ట్రాక్‌పై, అనగా పందేలకు మరియు వేగపు సాధనకు ప్రత్యేకంగా నిర్మించిన బాటపై నడిపే కారులో ఇవి టైర్లు, బ్రేకు ప్యాడ్ల వలె కాలానుగుణంగా మార్చవలసిన భాగాలుగా పరిగణించబడతాయి. స్టడ్డులు విరిగితే చక్రం ఊడిపోతుంది. ఊడిన చక్రం కారు వేగంతోనే దొర్లిపోతుంది కాబట్టి, అది కారులోని వారికే గాక ట్రాక్ పక్కన ఉన్న సిబ్బందికి, ప్రేక్షకులకు కూడా ప్రాణాపాయం కలిగించగలదు. ఈ వ్యాసం ట్రాక్‌పై నడిపే కార్లలో స్టడ్డులు ఎందుకు చెడిపోతాయి, వాటిని ఎలా గుర్తించాలి, ఎలా మార్చాలి అను విషయాలను వివరిస్తుంది.

పనిచేయు విధానం

కారు బరువును, బ్రేకుల బలాన్ని స్టడ్డులు మేకుల వలె అడ్డంగా మోస్తాయని చాలామంది భావిస్తారు. ఇది సరి కాదు. నట్టును బిగించినపుడు స్టడ్డు కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్డు గట్టి స్ప్రింగు వలె తిరిగి కుంచించుకుపోవడానికి ప్రయత్నిస్తూ, చక్రాన్ని హబ్బు ముఖానికి అదిమి పట్టి ఉంచుతుంది. ఈ అదుముడు వల్ల రెండు ముఖాల మధ్య ఘర్షణ ఏర్పడుతుంది. ఇంజను శక్తిని, బ్రేకు శక్తిని, మలుపులలో పక్కకు నెట్టే బలాన్ని ప్రధానంగా ఈ ఘర్షణయే చక్రానికి అందిస్తుంది. స్టడ్డు పని అడ్డంగా మోయడం కాదు, నిలువునా లాగి పట్టుకోవడం.

అదుముడు తగినంత ఉన్నంత వరకు చక్రం హబ్బుపై కదలదు. కారు పరుగెత్తుతున్నపుడు బలాలు మారుతున్నా స్టడ్డులోని తన్యత పెద్దగా మారదు. అదుముడు తగ్గిన వెంటనే పరిస్థితి తారుమారవుతుంది. చక్రం హబ్బు ముఖంపై సూక్ష్మంగా జారడం మొదలుపెడుతుంది. ప్రతి చుట్టుకూ స్టడ్డు ఒక పక్కకు, తరువాత రెండవ పక్కకు వంగుతుంది. ఒక తీగను పదే పదే వంచితే తెగిపోయినట్లు, ఈ వంపుల వల్ల ఉక్కులో పగులు పుట్టి పెరుగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు. స్టడ్డులు విరగడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి. బలహీనమైన స్టడ్డు కన్నా వదులైన స్టడ్డే ఎక్కువ ప్రమాదకరం.

ఒక ఉదాహరణ

ట్రాక్ కారుగా విశేష ప్రాచుర్యం పొందిన మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం కారును ఉదాహరణగా తీసుకోవచ్చును. దీనిని మియాటా అని కూడా అంటారు. 1989లో విడుదలైన ఈ కారు బరువు సుమారు 1,000 కిలోగ్రాములు. ప్రతి చక్రానికి 100 మి.మీ. వ్యాసం గల వృత్తంపై నాలుగు స్టడ్డులు ఉంటాయి. వాటి వ్యాసం 12 మి.మీ., మరల మధ్య దూరం 1.5 మి.మీ. తయారీదారు సూచించిన బిగింపు టార్కు 88 నుండి 118 న్యూటన్-మీటర్లు.

నట్టును 108 న్యూటన్-మీటర్లకు బిగించారని అనుకుందాం. పొడి మరలపై బిగింపు బలాన్ని అంచనా వేయడానికి వాడే సూత్రం ఇది:

బిగింపు బలం = టార్కు ÷ (0.2 × స్టడ్డు వ్యాసం)

దీని ప్రకారం ఒక్కొక్క స్టడ్డు సుమారు 45,000 న్యూటన్ల బలంతో, అనగా నాలుగున్నర టన్నుల బరువుకు సమానమైన బలంతో చక్రాన్ని అదిమి పడుతుంది. నాలుగు స్టడ్డులు కలిసి 1,80,000 న్యూటన్లు. ఉక్కు, అల్యూమినియం ముఖాల మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, జారకుండా పట్టి ఉంచే బలం 27,000 న్యూటన్లు అవుతుంది.

ఇప్పుడు ఈ కారుకు గురుత్వ త్వరణానికి సమానమైన తీవ్రతతో బ్రేకు వేశారనుకుందాం. బరువులో దాదాపు 70 శాతం ముందు చక్రాలపైకి వస్తుంది. ఒక్కొక్క ముందు టైరు నేలపై సుమారు 3,400 న్యూటన్ల బ్రేకు బలాన్ని కలిగిస్తుంది. టైరు వ్యాసార్ధం 0.29 మీటర్లు, స్టడ్డుల వృత్తపు వ్యాసార్ధం 0.05 మీటర్లు. కనుక స్టడ్డుల వృత్తం వద్ద ఈ బలం దాదాపు ఆరు రెట్లు పెరిగి 20,000 న్యూటన్లకు చేరుతుంది.

పట్టి ఉంచే బలం 27,000. జార్చే బలం 20,000. నాలుగు స్టడ్డులలో ఒకటి విరిగినా, లేదా నాలుగింటి బిగింపు నాలుగో వంతు తగ్గినా, ఈ రెండు బలాలు ఇంచుమించు సమానమవుతాయి. నట్ల శంకువు ఆకారపు పీటల నుండి కొంత అదనపు ఆసరా లభిస్తుంది గాని, అది బిగింపుకు ప్రత్యామ్నాయం కాదు.

ఈ బిగింపు అంతా ఎంత సాగుడుపై ఆధారపడి ఉన్నదో కూడా లెక్క కట్టవచ్చును. 45,000 న్యూటన్ల బలం వద్ద స్టడ్డులోని ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 510 న్యూటన్లు. బిగింపులో ఉన్న పొడవు 40 మి.మీ. అనుకుంటే ఉక్కు సాగుడు ఒక మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. అంటే హబ్బుకు, చక్రానికి మధ్య ఇరుక్కున్న తుప్పు గాని, రంగు పొర గాని 0.025 మి.మీ. మేరకు నలిగిపోతే బిగింపులో దాదాపు నాలుగో వంతు పోగలదు. ఇది తల వెంట్రుక మందం కన్నా తక్కువ. స్టడ్డుల మార్పిడిలో పాటించే శుభ్రత, జాగ్రత్తలు అన్నీ ఈ స్వల్పమైన సాగుడును కాపాడడానికే.

ట్రాక్‌పై త్వరగా చెడిపోవడానికి కారణాలు

తరచు బిగించడం: రోడ్డు కారు చక్రాలు ఏడాదికి ఒకటి రెండు సార్లు ఊడదీయబడతాయి. ట్రాక్ కారులో టైర్లు మార్చడానికి, ప్యాడ్లు చూడడానికి ఒక్క రోజులోనే పలుమార్లు ఊడదీయవలసి రావచ్చు. ప్రతిసారీ మరలు కొంత అరుగుతాయి, ఘర్షణ పెరుగుతుంది. అప్పుడు అదే టార్కుకు లభించే బిగింపు బలం తగ్గుతుంది.

వేడి: ట్రాక్‌పై బ్రేకు డిస్కుల ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చును. ఈ వేడి హబ్బుకు, స్టడ్డులకు, చక్రానికి పాకుతుంది. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. కనుక వేడెక్కినపుడు బిగింపు పెరిగి నట్టు కింది పీట నలుగుతుంది. చల్లారిన తరువాత బిగింపు మొదటి కన్నా తగ్గి ఉంటుంది.

అధిక బలాలు: మెత్తని రబ్బరు గల పందెపు టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. అందువల్ల మలుపులలో, బ్రేకు వేసినపుడు హబ్బుపై పడే బలాలు కారు తయారైనపుడు ఊహించిన రోడ్డు వాడకం కన్నా ఎక్కువగా ఉంటాయి.

అతిగా బిగించడం: గాలి లేదా విద్యుత్తుతో పనిచేసే ఇంపాక్ట్ గన్నును అదుపు లేకుండా వాడితే స్టడ్డు స్థితిస్థాపక అవధిని దాటి సాగుతుంది. అట్లు సాగిన స్టడ్డు తిరిగి పూర్వపు పొడవుకు రాదు. మరలకు నూనె పూసి అదే టార్కుకు బిగించినా ఇదే ప్రమాదం ఉన్నది. పై సూత్రంలోని 0.2 అను గుణకం నూనె వల్ల 0.15కు తగ్గితే, బిగింపు బలం 45,000 నుండి 60,000 న్యూటన్లకు పెరుగుతుంది.

స్పేసర్లు: చక్రాన్ని బయటకు జరపడానికి మధ్యలో పెట్టే బిళ్ళలను స్పేసర్లు అంటారు. వీటి వల్ల నట్టులోకి వెళ్ళే మరల సంఖ్య తగ్గుతుంది. అంతేగాక నలిగే ముఖాలు రెండు చోట్ల ఏర్పడతాయి.

చెడిన స్టడ్డును గుర్తించడం

చక్రం ఊడదీసిన ప్రతిసారి స్టడ్డులను తీగల బ్రష్షుతో శుభ్రం చేసి పరిశీలించాలి. ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా స్టడ్డును మార్చాలి.

* నట్టు చేతి వేళ్ళతో చివరి వరకు సాఫీగా తిరగకపోవడం. మరలు అడ్డంగా ఎక్కినా, స్టడ్డు సాగినా ఇట్లు జరుగుతుంది.
* మరల మధ్య దూరాన్ని కొలిచే పళ్ళ కొలతసాధనం మరలలో సరిగా ఇమడకపోవడం.
* ఒకచోట స్టడ్డు సన్నబడి, నడుము వలె కనిపించడం.
* మరల అంచులు చదునుగా అరగడం, లేదా నట్టుతో పాటు లోహపు రజను రావడం.
* నట్టు చుట్టూ చక్రంపై ఎర్రని తుప్పు చారలు ఏర్పడడం. ఇది అక్కడ సూక్ష్మమైన కదలిక ఉన్నదనడానికి సూచన.
* టార్కు రెంచితో బిగిస్తున్నపుడు నట్టు తిరుగుతున్నా బిగింపు పెరగకపోవడం. స్టడ్డు సాగిపోతున్నదని దీని అర్థం. వెంటనే ఆపివేయాలి.

కారు నడుస్తున్నపుడు స్టీరింగులో కొత్తగా మొదలైన అదురు, మలుపులలో టకటకమనే శబ్దం కూడా హెచ్చరికలే. అట్టి సందర్భంలో వేగం తగ్గించి, ఇతరులకు అడ్డు రాకుండా పిట్‌లోకి వచ్చి నట్లను చూడాలి.

విరిగిన స్టడ్డు ముఖాన్ని పరిశీలిస్తే కారణం తెలుస్తుంది. అలసట వల్ల విరిగినపుడు ముఖంలో ఒక భాగం నునుపుగా ఉండి, దానిపై సముద్రపు ఒడ్డున అలలు వదలిన గీతల వంటి వంకర గీతలు కనిపిస్తాయి. మిగిలిన భాగం గరుకుగా ఉంటుంది. నునుపైన భాగం పగులు నెమ్మదిగా పెరిగిన చోటు. గరుకు భాగం చివరిలో ఒక్కసారిగా తెగిన చోటు. అతిగా బిగించినందువల్ల విరిగితే కడ్డీ సాగి, సన్నబడి, మెలి తిరిగి ఉంటుంది.

ఒక చక్రంలో ఒక స్టడ్డు విరిగితే మిగిలినవి అదనపు భారాన్ని మోసి ఉంటాయి. వాటిలోనూ కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు. భారీ లారీల నిర్వహణలో విరిగిన స్టడ్డుకు ఇరువైపులా ఉన్నవాటిని కూడా మార్చడం, రెండు లేదా అంతకన్నా ఎక్కువ విరిగితే ఆ చక్రపు స్టడ్డులన్నింటినీ మార్చడం ఆచారం. ట్రాక్ కారులో ఒక్కటి విరిగినా ఆ చక్రపు స్టడ్డులన్నింటినీ మార్చడం ఉత్తమం.

పరిమాణాలు, ఎంపిక

మెట్రిక్ స్టడ్డును దాని వ్యాసం మరియు మరల మధ్య దూరం ద్వారా పేర్కొంటారు. ఉదాహరణకు ఎం12×1.5 అనగా 12 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మర దూరం. ఎక్కువగా కనిపించే పరిమాణాలు ఇవి:

* ఎం12×1.5 – హోండా, టయోటా, మాజ్డా, మిత్సుబిషి కార్లలో చాలా వాటికి
* ఎం12×1.25 – సుజుకీ, నిస్సాన్, సుబారు కార్లలో చాలా వాటికి. భారతదేశంలోని మారుతి సుజుకీ స్విఫ్ట్ ఈ కోవకు చెందినదే
* ఎం14×1.5 – బరువైన, శక్తిమంతమైన అనేక కొత్త కార్లకు
* అర అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు – పాత అమెరికా కార్లలో చాలా వాటికి

1.25 మరల స్టడ్డుపై 1.5 మరల నట్టును బలవంతంగా ఎక్కిస్తే రెండూ చెడిపోతాయి. ఒకే సంస్థ కార్లలో కూడా నమూనాను బట్టి పరిమాణం మారవచ్చు కనుక తయారీదారు పుస్తకాన్ని చూసి నిర్ధారించుకోవాలి.

మరల పరిమాణంతో పాటు మరో మూడు కొలతలు సరిపోవాలి. మొదటిది, స్టడ్డు తల కింద సన్నని పళ్ళు గల భాగపు వ్యాసం. ఈ పళ్ళు హబ్బు రంధ్రపు గోడలోకి కరచుకొని, నట్టు బిగించేటపుడు స్టడ్డు తిరగకుండా ఆపుతాయి. ఇది కొంచెం చిన్నదైనా స్టడ్డు వదులుగా తిరుగుతుంది; పెద్దదైతే హబ్బు పగలవచ్చు. రెండవది, పళ్ళ భాగపు పొడవు. మూడవది, స్టడ్డు మొత్తం పొడవు. నట్టులోకి వెళ్ళే మరల పొడవు కనీసం స్టడ్డు వ్యాసానికి సమానంగా ఉండాలన్నది సాధారణ నియమం. అనగా 12 మి.మీ. స్టడ్డుపై 1.5 మరల నట్టు కనీసం 8 చుట్లు, 1.25 మరల నట్టు దాదాపు 10 చుట్లు తిరగాలి. 15 మి.మీ. స్పేసరు వాడదలిస్తే స్టడ్డు కూడా కనీసం 15 మి.మీ. పొడవైనది కావాలి.

పొడవైన స్టడ్డులకు చివర మూసి ఉన్న నట్లు పనికిరావు. స్టడ్డు చివర నట్టు లోపలి కప్పుకు తగిలితే రెంచి క్లిక్కుమంటుంది గాని చక్రం బిగుసుకోదు. అందుచేత ట్రాక్ కార్లలో రెండు వైపులా తెరచి ఉన్న ఉక్కు నట్లు వాడతారు. బయటకు కనిపించే మరలను చూసి స్టడ్డు నట్టులోకి పూర్తిగా వచ్చినదని పరీక్షకులు కూడా తేలికగా నిర్ధారించుకోగలరు. చివర గుండ్రని, మరలు లేని ముక్కు గల స్టడ్డులపై నట్టు వంకరగా ఎక్కదు.

నట్టు పీట ఆకారం కూడా చక్రానికి సరిపోవాలి. 60 డిగ్రీల శంకువు ఆకారం సర్వసాధారణం. హోండా సొంత చక్రాలకు గోళాకారపు పీట ఉంటుంది. శంకువు నట్టును గోళాకారపు పీటలో బిగిస్తే అవి సన్నని గీత వెంట మాత్రమే తాకుతాయి. ఆ గీత త్వరగా నలిగి నట్టు వదులవుతుంది.

ఉక్కు బలాన్ని తరగతి సంఖ్యతో సూచిస్తారు. 10.9 తరగతి ఉక్కు తన్యతా బలం చదరపు మిల్లీమీటరుకు కనీసం 1,040 న్యూటన్లు. శాశ్వతంగా సాగకుండా మోయగల పరీక్షా భారం 830 న్యూటన్లు. ఈ లెక్కన ఎం12×1.5 స్టడ్డు సుమారు 73,000 న్యూటన్లను, ఎం14×1.5 స్టడ్డు సుమారు 1,04,000 న్యూటన్లను మోయగలదు. 12 నుండి 14కు మారితే వ్యాసం కొద్దిగానే పెరిగినా బలం 40 శాతానికి పైగా పెరుగుతుంది. 1968లో అమెరికాలో స్థాపించబడిన ఏఆర్‌పీ వంటి సంస్థలు పందేల కోసం చదరపు మిల్లీమీటరుకు 1,300 న్యూటన్లకు పైగా బలం గల స్టడ్డులను తయారు చేస్తున్నాయి. అయితే బలమైన స్టడ్డు కొన్నంత మాత్రాన బిగింపు పెరగదు. అదే టార్కుకు బిగించినపుడు మామూలు స్టడ్డు, ఖరీదైన స్టడ్డు ఇంచుమించు ఒకే బలంతో అదిమి పడతాయి. ఖరీదైన దానిలో విరగడానికి ముందున్న మిగులు మాత్రమే ఎక్కువ. అత్యధిక బలం గల ఉక్కుకు విద్యుత్ పద్ధతిలో జింకు పూత పూస్తే హైడ్రోజన్ లోపలికి చేరి లోహం పెళుసు బారే ప్రమాదం ఉంది. కనుక ఊరూ పేరూ లేని చవక స్టడ్డులను నమ్మరాదు.

మార్చే విధానం

కావలసిన పనిముట్లు: జాకీ, కారును నిలిపే స్టాండులు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు, పానాలు, టార్కు రెంచి, స్టడ్డును నొక్కి తీసే ప్రెస్సు లేదా గట్టి క్లాంపు, తీగల బ్రష్షు, మందమైన వాషర్లు, పాత తెరచిన నట్టు ఒకటి, కొద్దిగా గ్రీజు, కళ్ళద్దాలు.

1. కారును చదునైన గట్టి నేలపై నిలిపి, ఎత్తని చక్రాలకు దిమ్మెలు పెట్టాలి. నట్లను కొద్దిగా వదులు చేసి, జాకీతో ఎత్తి, స్టాండులపై నిలపాలి. జాకీ ఒక్కదానిని నమ్మి పని చేయరాదు.

2. చక్రాన్ని, తరువాత బ్రేకు క్యాలిపరును ఊడదీయాలి. క్యాలిపరును బ్రేకు గొట్టంపై వేలాడనీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి. ఆ పిదప డిస్కును తీయాలి. వెనుక చక్రాలలో హ్యాండ్ బ్రేకును ముందుగా విడవాలి. విద్యుత్తుతో పనిచేసే హ్యాండ్ బ్రేకు గల కార్లలో తయారీదారు చెప్పిన మరమ్మత్తు స్థితిలోకి దానిని మార్చాలి.

3. హబ్బు వెనుక స్టడ్డు తల బయటకు రావడానికి చోటు ఎక్కడ ఉన్నదో వెదకాలి. చాలా కార్లలో హబ్బును తిప్పితే ఒకచోట తగినంత ఖాళీ లభిస్తుంది. కొన్ని కార్లలో రేకు కవచాన్ని తీయవలసి ఉంటుంది. పొడవైన స్టడ్డుకు ఎక్కడా చోటు దొరకకపోతే హబ్బును విప్పాలి. బేరింగుపై గట్టిగా ఎక్కించిన హబ్బును లాగితే బేరింగు తరచు చెడిపోతుంది కనుక కొత్త బేరింగు సిద్ధంగా ఉంచుకోవాలి.

4. పాత స్టడ్డును ప్రెస్సుతో వెనుకకు నొక్కి తీయాలి. సుత్తితో కొట్టడం వాడుకలో ఉన్నా, ఆ దెబ్బలు బేరింగు గుండ్ల ద్వారా దాని దారిపై గుంటలు చేయగలవు. ఆ తరువాత కొన్నాళ్ళకు బేరింగు మూలగడం మొదలవుతుంది. హబ్బు కారుపైనే ఉన్నపుడు సుత్తి వాడకపోవడం మంచిది. పక్కనే ఉన్న ఏబీఎస్ సెన్సారుకు, దాని తీగకు దెబ్బ తగలకుండా చూడాలి.

5. రంధ్రాన్ని శుభ్రం చేసి పరీక్షించాలి. కొత్త స్టడ్డు చేతితో నొక్కితేనే లోపలికి దిగిపోతుంటే రంధ్రం అరిగినట్లు లెక్క. అప్పుడు హబ్బును మార్చాలి. స్టడ్డు తలను వెల్డింగు చేసి సరిపెట్టడం ప్రమాదకరం. వెల్డింగు వేడికి గట్టిపరచిన ఉక్కు గుణం మారి, అక్కడే పగులు పుడుతుంది.

6. కొత్త స్టడ్డును వెనుక నుండి పెట్టి, రంధ్రంలోని పాత గాళ్ళతో పళ్ళను సరిచూసుకోవాలి. ముందు వైపు మందమైన వాషర్లు పేర్చి, వాటి మధ్య గ్రీజు పూసి, పాత నట్టును ఎక్కించి చేతి పానాతో నెమ్మదిగా తిప్పాలి. స్టడ్డు లోపలికి లాగబడుతుంది. తల హబ్బు వెనుక ముఖానికి పూర్తిగా ఆనినపుడు బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ ఆపాలి. ఇంపాక్ట్ గన్నుతో లాగితే కొత్త మరలు వేడెక్కి చెడిపోవచ్చు. హబ్బు విప్పి ఉన్నట్లయితే వర్కుషాపు ప్రెస్సుతో నొక్కించడం అన్నింటికన్నా మేలు.

7. తల హబ్బుకు అంటిందా లేదా అన్నది వెనుక నుండి కంటితో చూసి నిర్ధారించాలి. సందు మిగిలితే అది తరువాత ట్రాక్‌పై మూసుకుంటుంది. అప్పుడు నట్టు ఎంత గట్టిగా బిగించి ఉన్నా బిగింపు పోతుంది.

చక్రాన్ని తిరిగి బిగించడం

హబ్బు ముఖం, డిస్కు రెండు ముఖాలు, చక్రపు వెనుక ముఖం తుప్పు, మట్టి, రంగు లేకుండా శుభ్రంగా ఉండాలి. ఈ ముఖాలపై గ్రీజు పూయరాదు. చక్రాలకు కొత్తగా పొడి రంగు వేయించినపుడు నట్టు పీటలపై, వెనుక ముఖంపై రంగు పడకుండా చూడాలి.

నట్లన్నింటినీ ముందుగా చేతితో ఎక్కించాలి. తరువాత వరుసగా కాక నక్షత్రపు క్రమంలో, అనగా ఒకదాని తరువాత దాని ఎదుటి దానిని, రెండు మూడు దఫాలుగా బిగించాలి. చివరి దఫా టార్కు రెంచితో, తయారీదారు చెప్పిన విలువకు బిగించాలి. ఆ విలువ సాధారణంగా పొడి మరలకు ఉద్దేశించినది. స్టడ్డు తయారీదారు కందెన వాడమని చెప్పి ఉంటే వారు ఇచ్చిన విలువనే పాటించాలి.

కొత్త స్టడ్డులు మొదటిసారి వేడెక్కినపుడు కొంత సర్దుకుంటాయి. కనుక రోడ్డుపై 80 నుండి 100 కిలోమీటర్లు నడిపిన తరువాత గాని, ట్రాక్‌పై మొదటి విడత తరువాత గాని తిరిగి బిగింపు చూడాలి. అయితే బ్రేకులు వేడిగా ఉన్నపుడు బిగించరాదు. చల్లారే వరకు ఆగాలి. నట్టుపై నుండి చక్రం మీదకు రంగుతో ఒక గీత గీస్తే, నట్టు తిరిగితే గీత విడిపోయి దూరం నుండే తెలుస్తుంది. స్టడ్డులు మార్చిన తేదీని, ఆ తరువాత నడిపిన ట్రాక్ రోజుల సంఖ్యను పుస్తకంలో రాసుకోవడం వల్ల తరువాతి మార్పిడిని ముందుగా నిర్ణయించుకోవచ్చును.

బోల్టులు గల కార్లు

జర్మనీ మరియు ఇతర ఐరోపా దేశాల కార్లలో చాలా వాటికి స్టడ్డులకు బదులు హబ్బులోకే బిగించే బోల్టులు ఉంటాయి. భారతదేశంలో 2010లో మొదలైన పోలో కప్ పందేలలో వాడిన ఫోక్స్‌వాగన్ పోలో కారు ఇట్టిదే. ఈ పద్ధతిలో చక్రాన్ని చేతులతో ఎత్తి పట్టుకొని రంధ్రాలు సరిచూసుకోవలసి ఉంటుంది. తరచు బిగించడం వల్ల హబ్బులోని మరలే అరిగిపోతాయి. అందుచేత ట్రాక్ కార్లలో హబ్బులోకి ఎక్కించే స్టడ్డులతో వీటిని మారుస్తారు. వీటిని మరలు పట్టే జిగురుతో, తయారీదారు చెప్పిన స్వల్ప టార్కుకు ఎక్కించాలి. నట్టుతో పాటు స్టడ్డు కూడా ఊడి వస్తే దానిని శుభ్రం చేసి తిరిగి జిగురుతో అమర్చాలి.

పందేల చరిత్రలో

కుడి మరల నట్లు కారు ఎడమ వైపున వదులవుతాయన్న భయంతో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ దాదాపు 1970 వరకు ఎడమ వైపు చక్రాలకు ఎడమ మరల స్టడ్డులు వాడింది. శంకువు పీట గల నట్లు సరైన బిగింపుతో ఉంటే ఆ అవసరం లేదని అనుభవం చూపింది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధనలో, బిగించిన బోల్టులను వదులు చేసేది ప్రధానంగా నిలువు కదలిక కాదని, అడ్డంగా జరిగే జారుడేనని నిరూపించాడు. అడ్డ జారుడు మొదలైతే మరల మధ్య ఘర్షణ పనిచేయక నట్టు తనంతట తానే వెనుకకు తిరుగుతుంది.

అమెరికాలోని నాస్కార్ పందేలలో చక్రానికి ఐదు నట్లు ఉండేవి. 2015లో ఐదు నట్లూ బిగించారా లేదా అని అధికారులు తనిఖీ చేయడం మానివేశారు. సమయం కలసి రావడానికి కొన్ని జట్లు కొన్ని నట్లను వదిలివేయసాగాయి. 2016 ఏప్రిల్‌లో టోనీ స్టీవర్ట్ అను డ్రైవరు దీనిని బహిరంగంగా విమర్శించగా నాస్కార్ ఆయనకు 35,000 డాలర్ల జరిమానా విధించింది. కొద్ది రోజులకే ఐదు నట్లూ బిగించి తీరాలని నియమాన్ని సవరించింది. 2022 నుండి నాస్కార్ ప్రధాన శ్రేణి కార్లు ఒకే ఒక పెద్ద మధ్య నట్టుకు మారాయి.

ఫార్ములా వన్ కార్లలోనూ, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన పోటీపడిన ఫార్ములా ఇ కార్లలోనూ చక్రాన్ని పట్టి ఉంచేది ఒకే మధ్య నట్టు. ఈ పద్ధతిలో చక్రాన్ని కొన్ని క్షణాలలోనే మార్చవచ్చు. అయితే ఆ ఒక్క నట్టు తప్పితే మరో ఆధారం లేదు. 2013 జూలై 7న నూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రిలో సరిగా బిగుసుకోని చక్రం మార్క్ వెబ్బర్ కారు నుండి పిట్ దారిలో ఊడిపోయి ఒక కెమెరామన్‌కు తగలడంతో ఆయన ఎముకలు విరిగాయి. పిట్ దారిలోని పరిమిత వేగంలోనే ఇంత గాయం కలిగినదంటే, పూర్తి వేగంలో ఊడిన చక్రం ఏమి చేయగలదో ఊహించవచ్చును.

భారతదేశంలో 1990లో మొదలైన చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరు వద్ద గల కరి మోటార్ స్పీడ్‌వే, 2011లో ప్రారంభమైన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ ముఖ్యమైనవి. ఇటువంటి ట్రాక్‌లపైకి సొంత రోడ్డు కారును తీసుకువెళ్ళదలచినవారు ఇంజను, బ్రేకులు, టైర్ల కన్నా ముందుగా చూడవలసిన భాగాలలో వీల్ స్టడ్డులు ఒకటి. పైన చెప్పిన భాగాలన్నీ నేలతో సంబంధం పెట్టుకునేది ఈ నాలుగైదు కడ్డీల బిగింపు ద్వారానే.

ఇవి కూడా చూడండి

* బోల్టు
* నట్టు
* ఘర్షణ
* స్థితిస్థాపకత
* డిస్క్ బ్రేకు
* టైరు